మన కణాలే కదా, మేడమ్!



ఈ నెల సైన్స్ పేజీలో తొమ్మిదో తరగతి పాఠం ఒకటి మీకు చెప్పాలనుకుంటున్నాను. క్లాసులో నేను సగమే చెప్పి వదిలేసిన పాఠం ఇది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

"కణజాలాలు" చాప్టర్ పూర్తయిన రోజు, బెల్ కొట్టడానికి అయిదు నిమిషాల ముందు ఒక అమ్మాయి లేచి, "మేడమ్, స్టెమ్ సెల్స్ అంటే ఏంటి?" అని అడిగింది. టైమ్ లేదు కాబట్టి ఒక్క ముక్కలో చెప్పేశాను. "వాటిని తెలుగులో మూలకణాలు అంటారు. శరీరంలో ఏ కణంగానైనా మారగలవు. దెబ్బతిన్న భాగాలను బాగుచేయడానికి వాడతారు." పిల్లలు నోట్స్‌లో రాసుకున్నారు. నేను మర్చిపోయాను.

మూడు వారాల తర్వాత పేరెంట్-టీచర్ మీటింగ్ జరిగింది. ఆ అమ్మాయి నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, "మీకు థ్యాంక్స్ చెప్పాలి మేడమ్" అన్నారు. వాళ్ళ అమ్మగారికి డెబ్బై దాటాయి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. వాకిట్లో ముగ్గు వేయడానికి కింద కూర్చోలేరు, కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి. తెలిసినవాళ్ళు చెబితే ఆమెను ఒక సెంటర్‌కు తీసుకెళ్ళారు. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలను అదే రోజు మోకాళ్ళలోకి ఇంజెక్షన్ చేస్తారట. అరిగిన గుజ్జు మళ్ళీ పెరుగుతుందట. ఆపరేషన్ అక్కర్లేదట. డబ్బు కోసం ఆయన చిట్టీ పాడుకున్నారు.

"మొదట కొంచెం భయపడ్డాం మేడమ్. కానీ మా పాప, ‘మా మేడమ్ చెప్పారు నాన్నా, అవి ఏ కణంగానైనా మారతాయి’ అంది. పైగా అవి మన కణాలే కదా, బయటివి కావు. ఇంక భయమెందుకు అనుకున్నాం" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. తొందరలో చెప్పిన ఒక మాట ఒక ఇంట్లో చిట్టీ డబ్బు ఖర్చుపెట్టించే దాకా వెళ్ళింది. "ఒక్క వారం ఆగండి సార్, నేను సరిగ్గా చదివి చెబుతాను" అన్నాను. ఆయన ఆగారు. ఆ వారంలో నేను చదివి తెలుసుకున్నది, ఆయన అనుమతితో, మీ అందరికీ చెబుతున్నాను. నేను డాక్టర్‌ని కాను, సైన్స్ టీచర్‌ని. ఏ వైద్యం చేయించుకోవాలో చెప్పడం నా పని కాదు. ఒక వైద్యం గురించి ఎవరైనా గొప్పగా చెబితే దాన్ని ఎలా పరీక్షించాలో చెప్పడం మాత్రం మా సబ్జెక్టే.

గుజ్జు అంటే ఏమిటి?

మనం ఇళ్ళలో "గుజ్జు అరిగిపోయింది" అంటాం. పాఠ్యపుస్తకంలో దాని పేరు మృదులాస్థి. కీలు దగ్గర రెండు ఎముకల చివర్లకు అతుక్కుని ఉండే తెల్లటి, నున్నటి పొర అది. మోకాలిలో దాని మందం కొద్ది మిల్లీమీటర్లే. చికెన్ లెగ్ పీస్ చివర తెల్లగా మెరుస్తూ, కొరికితే కరకరలాడే భాగాన్ని పిల్లలు చూసే ఉంటారు. అదే ఇది.

ఈ పొరలో బరువులో ఎక్కువ భాగం నీరే. ఆ నీటిని పట్టి ఉంచేది కొలాజెన్ పోగులు, చక్కెర అణువులు అతికిన ప్రోటీన్లు కలిసి అల్లుకున్న వల లాంటి పదార్థం. దాన్ని మాత్రిక అంటారు. ఈ మాత్రికను తయారుచేసే మృదులాస్థి కణాలు అక్కడక్కడా, దూరం దూరంగా ఉంటాయి. మోకాలి మీద బరువు పడ్డప్పుడు నీరు కొంచెం బయటికి వెళుతుంది, బరువు తీయగానే లోపలికి వస్తుంది. మెట్లు దిగేటప్పుడు ఎముకకు ఎముక తగలకుండా కాపాడేది ఈ ఏర్పాటే.

తెగితే ఎందుకు అతుక్కోదు?

పిల్లవాడు ఆడుకుంటూ పడి మోకాలు గీరుకుంటే వారంలో పొక్కు కట్టి మానిపోతుంది. ఎముక విరిగితే కట్టు వేస్తే అతుక్కుంటుంది. మృదులాస్థి మాత్రం అలా మానదు. కారణం మన పాఠంలోనే ఉంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. గాయం మానాలంటే రక్తం అక్కడికి చేరాలి, గడ్డకట్టాలి, బాగుచేసే కణాలను తీసుకురావాలి. రక్తమే రాని చోట ఆ పని మొదలే కాదు. ఉన్న కొద్ది కణాలూ చుట్టూ గట్టి మాత్రికలో ఇరుక్కుని ఉంటాయి, లేచి వచ్చి గుంత పూడ్చలేవు.

మృదులాస్థిలో నరాలు కూడా లేవు. అందుకే అరుగుదల మొదలైన రోజుల్లో మనకు తెలియదు. కింద ఉన్న ఎముకా, చుట్టూ ఉన్న పొరలూ బాధపడటం మొదలయ్యాకే నొప్పి వస్తుంది. దెబ్బతిన్న మృదులాస్థి తిరిగి రాదని విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే లండన్ రాయల్ సొసైటీకి ఇచ్చిన వ్యాసంలో రాశాడు. అంటే ఈ సమస్య వైద్యులకు తెలిసి 280 ఏళ్ళు దాటింది.

సొంత కణాలతో మొదటి ప్రయత్నం

ఈ సమస్యకు డాక్టర్లు వెతికిన దారుల్లో ఒకటి చాలా సులువైనది. 1980లలో అమెరికాలోని రిచర్డ్ స్టెడ్‌మన్ అనే సర్జన్, మృదులాస్థి ఊడిపోయిన చోట కింద ఎముకకు చిన్న చిన్న రంధ్రాలు చేయడం మొదలుపెట్టారు. మజ్జలోని రక్తం ఆ రంధ్రాల గుండా పైకి వచ్చి గడ్డకడుతుంది. అందులో రోగి సొంత మూలకణాలు కూడా ఉంటాయి. ఈ పద్ధతి పేరు మైక్రోఫ్రాక్చర్. గుంత పూడుతుంది, కానీ పూడేది అసలు మృదులాస్థితో కాదు. పీచు ఎక్కువగా ఉండే మరో రకం కణజాలంతో. అది అంత నున్నగా ఉండదు, అన్నేళ్ళు నిలవదు.

రెండో దారి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదలైంది. లార్స్ పీటర్సన్, మాట్స్ బ్రిట్‌బర్గ్ బృందం 1987లో మొదటి రోగికి ఈ చికిత్స చేసింది. మోకాలిలో బరువు పడని చోటు నుంచి చిటికెడు మృదులాస్థి తీశారు. అందులోని కణాలను ల్యాబ్‌లో రెండు, మూడు వారాలు పెంచి సంఖ్య పెంచారు. తర్వాత మళ్ళీ ఆపరేషన్ చేసి ఆ కణాలను గుంతలో ఉంచి, పైన ఎముక పొర ముక్కతో కప్పి కుట్టారు. 1994లో వాళ్ళు ప్రచురించిన వ్యాసంలో 14 నుంచి 48 ఏళ్ళ వయసున్న 23 మంది ఉన్నారు. తొడ ఎముక చివర చికిత్స పొందిన 16 మందిలో రెండేళ్ళ తర్వాత 14 మందికి మంచి ఫలితం కనిపించింది. మోకాలి చిప్ప వెనక చేసిన ఏడుగురిలో మాత్రం ఇద్దరికే.

ఇక్కడ మూడు సంగతులు గమనించండి. ఒకటి, ఇవి మూలకణాలు కావు, అప్పటికే మృదులాస్థిగా ఉన్న కణాలు. రెండు, రోగులు పడుచువాళ్ళు, పెద్దవాళ్ళయినా యాభై లోపు. మూడు, వాళ్ళకు దెబ్బ తగిలింది ఒక్క చోట, కొద్ది చదరపు సెంటీమీటర్ల మేర. రోడ్డు మీద ఒక గుంత పూడ్చడం వేరు, రోడ్డంతా అరిగి కంకర తేలితే వేరు. డెబ్బై ఏళ్ళ నానమ్మ మోకాలు రెండో రకం.

మరి మూలకణాలు?

నేను క్లాసులో చెప్పిన "ఏ కణంగానైనా మారతాయి" అనే మాట పిండంలో తొలి రోజుల్లో ఉండే మూలకణాల విషయంలో సరైనది. పెద్దవాళ్ళ ఎముక మజ్జలో దొరికేవి వేరు. వాటి శక్తికి హద్దు ఉంది. మజ్జలో ఎముకను తయారుచేయగల కణాలున్నాయని సోవియట్ యూనియన్‌లో అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టెయిన్ 1960, 70లలో చూపించారు. వాటినే ల్యాబ్‌లో తగిన పోషకాలు ఇచ్చి పెంచితే ఎముకగా, మృదులాస్థిగా, కొవ్వుగా మార్చవచ్చని తర్వాత తేలింది. 1991లో అమెరికా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లాన్ వాటికి "మెసెంకైమల్ స్టెమ్ సెల్స్" అని పేరు పెట్టారు.

కథ ఇక్కడితో అయిపోలేదు. అదే కాప్లాన్ 2017లో, ఆ పేరు మార్చాలని స్వయంగా రాశారు. శరీరంలోకి ఎక్కించినప్పుడు ఈ కణాలు ప్రధానంగా కొత్త కణజాలంగా మారడం లేదనీ, చుట్టూ ఉన్న కణాలకు రసాయన సంకేతాలు పంపడమే వాటి అసలు పని అనీ ఆయన వాదన. పేరు పెట్టిన మనిషే ఆ పేరు జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని చెప్పడం నాకు చాలా నచ్చింది. సైన్స్ అంటే ఇదే అని పిల్లలకూ చెప్పాను.

ల్యాబ్ గిన్నెలో జరిగేది మోకాలిలో జరగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మజ్జ నుంచి తెచ్చిన కణాలు మృదులాస్థిగా మారాక అక్కడ ఆగకుండా ఎముక దారి పట్టే స్వభావం చూపిస్తాయి. గర్భంలో మన కాళ్ళ చేతుల ఎముకలు మొదట మృదులాస్థిగా ఏర్పడి తర్వాత ఎముకగా మారతాయని పిల్లలు చదువుకుంటారు. ఈ కణాలు ఆ పాత దారినే పట్టబోతాయి. వాటిని సరైన చోట, సరైన దశలో ఆపడం శాస్త్రవేత్తలకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

జపాన్‌లో షిగెయుకి వాకితాని బృందం మోకాళ్ళు అరిగిన రోగుల్లో ఈ కణాలతో ప్రయత్నించింది. వాళ్ళందరికీ ఎముక వంపు సరిచేసే ఆపరేషన్ చేస్తూ, 12 మోకాళ్ళలో ల్యాబ్‌లో పెంచిన రోగి సొంత మజ్జ కణాలు పెట్టారు, మరో 12 మోకాళ్ళలో కణాలు లేకుండా అదే పని చేశారు. 2002లో ఫలితం ప్రచురించారు. కెమెరాతో లోపల చూస్తే కణాలు పెట్టిన మోకాళ్ళలో పొర మెరుగ్గా కనిపించింది. కానీ రోగి పొందిన ఉపశమనంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆశ ఉంది, రుజువు ఇంకా పూర్తి కాలేదు అన్నమాట.

అదే రోజు ఇంజెక్షన్ సంగతి

ఇప్పుడు మన నానమ్మ విషయానికి వద్దాం. ఆ సెంటర్ చెప్పింది ల్యాబ్‌లో పెంచడం కాదు. మజ్జ తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, చిక్కబడిన భాగాన్ని అదే రోజు ఇంజెక్షన్ చేయడం. మజ్జలో కేంద్రకం ఉన్న 10,000 నుంచి 1,00,000 కణాలకు ఒకటి మాత్రమే ఈ రకం మూలకణం. తిప్పితే కొంత చిక్కబడుతుంది, అయినా లోపలికి వెళ్ళేదాంట్లో ఎక్కువ భాగం ఇతర కణాలే.

పనిచేస్తుందా? దీనికి జవాబు చెప్పే పెద్ద పరీక్ష ఒకటి అమెరికాలో జరిగింది. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. మోకాలి అరుగుదలతో బాధపడే దాదాపు 480 మందిని తీసుకున్నారు. కొందరికి సొంత మజ్జ నుంచి, కొందరికి సొంత కొవ్వు నుంచి, కొందరికి దాతల బొడ్డుతాడు నుంచి తీసిన కణాలు ఇచ్చారు. మిగతావారికి ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాది తర్వాత నొప్పి కొలిస్తే, మూడు కణ చికిత్సల్లో ఏదీ స్టెరాయిడ్ కంటే మెరుగ్గా లేదు.

అన్ని గుంపుల్లోనూ నొప్పి మొదటికంటే తగ్గింది. ఈ మాట ముఖ్యం. "మా పక్కింటాయన చేయించుకున్నారు, ఆయనకు తగ్గింది" అని ఎవరైనా అంటే అది అబద్ధం కానక్కర్లేదు. కానీ అంత ఖర్చు లేకుండా వేరే ఇంజెక్షన్ తీసుకున్నా అంతే తగ్గి ఉండేదా అన్నది ఆ ఒక్కరిని చూస్తే తెలియదు. పోల్చి చూడటానికి రెండో గుంపు కావాలి. మా ల్యాబ్ ప్రాక్టికల్స్‌లో ప్రతిసారీ "కంట్రోల్ ఏది?" అని పిల్లల్ని అడిగేది ఇందుకే.

"మన కణాలే కదా" అన్న ధైర్యం

ఆ నాన్నగారు అన్న ఈ మాటలో కొంత నిజం ఉంది. సొంత కణాలను శరీరం పరాయివిగా చూసి తిప్పికొట్టదు. అంతవరకే. సొంతవి అయినంత మాత్రాన పనిచేస్తాయని కాదు, హాని చేయవనీ కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో ముగ్గురు మహిళలకు వాళ్ళ సొంత కొవ్వు నుంచి తీసిన కణాలను కళ్ళలోకి ఇంజెక్షన్ చేస్తే చూపు తీవ్రంగా దెబ్బతింది. 2017లో వైద్య పత్రికలో ఈ సంగతి వచ్చింది. మోకాలు కన్ను కాదు, నిజమే. పైన చెప్పిన పెద్ద పరీక్షలో కూడా ఇంజెక్షన్ వల్ల తీవ్రమైన హాని కనిపించలేదు. కానీ శుభ్రత లోపిస్తే ఏ ఇంజెక్షన్ అయినా కీలులోకి ఇన్‌ఫెక్షన్ తీసుకెళ్ళగలదు.

మన దేశంలో నియమాలూ ఉన్నాయి. ఐసీఎంఆర్, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో మూలకణాల మీద జాతీయ మార్గదర్శకాలు ఇచ్చాయి. రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటివి స్థిరపడిన చికిత్సలు. మిగతావి అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో భాగంగానే చేయాలని అవి చెబుతాయి. ఆ తర్వాత 2022లో మోకాలి అరుగుదలకు బెంగళూరు సంస్థ తయారుచేసిన ఒక మూలకణ ఉత్పత్తికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అయితే అది దాతల మజ్జ నుంచి ల్యాబ్‌లో పెంచినది, మన సొంత కణాలు కావు. ఒక ఉత్పత్తికి అనుమతి వస్తే "స్టెమ్ సెల్" అని బోర్డు పెట్టిన ప్రతి ఇంజెక్షన్‌కూ వచ్చినట్టు కాదు.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

ఆ నాన్నగారికి ఒక కాగితం మీద ఈ అయిదు ప్రశ్నలు రాసి ఇచ్చాను. మీ ఇంట్లోనూ అవసరం పడవచ్చు, కత్తిరించి పెట్టుకోండి.

1. మా మోకాలిలో ఉన్నది ఒక్క చోట దెబ్బా, మొత్తం అరుగుదలా? ఎక్స్-రేలో చూపించి చెప్పండి.
2. మీరు ఇచ్చేది ల్యాబ్‌లో పెంచిన కణాలా, అదే రోజు తీసి ఇచ్చేవా?
3. దీనికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉందా? కాగితం మీద చూపించగలరా?
4. ఇది ట్రయల్ అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నంబర్ ఎంత? పరీక్షలో ఉన్న చికిత్సకు మేం డబ్బు ఎందుకు కట్టాలి?
5. ఇది చేయించకపోతే మాకున్న ఇతర దారులు ఏమిటి?

అయిదో ప్రశ్నకు మంచి ఎముకల డాక్టర్ ఎవరైనా ఓపిగ్గా జవాబు చెబుతారు. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, నడక, బరువు తగ్గడం, మందులు, చివరికి కీలు మార్పిడి. బరువు ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చెప్పారు. వినడానికి చప్పగా ఉంటుంది కానీ, పరీక్షకు నిలబడిన మాట.

ఆ నాన్నగారు కాగితం పట్టుకుని సెంటర్‌కు వెళ్ళారు. మూడో ప్రశ్నకు, నాలుగో ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా ఇవ్వడానికి వాళ్ళు ఒప్పుకోలేదట. తర్వాత వేరే ఎముకల డాక్టర్‌కు చూపించారు. ఒక మోకాలిలో పొర దాదాపు ఏమీ మిగల్లేదనీ, కీలు మార్పిడి గురించి ఆలోచించమనీ, రెండో మోకాలికి ముందు వ్యాయామం చాలనీ ఆయన చెప్పారు. నానమ్మగారు ఇంకా నిర్ణయం తీసుకోలేదు. చిట్టీ డబ్బు మాత్రం బ్యాంకులో ఉంది. మా స్టూడెంట్ రోజూ సాయంత్రం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కాలు చాపి పదిసార్లు లెక్కపెడుతోందట.

ఇంట్లో పిల్లలతో చేసి చూడండి

గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకుని నీళ్ళలో ముంచండి. అరచేత్తో నొక్కి వదలండి. నీరు బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావడం చూపించండి. రక్తం రాని మృదులాస్థికి ఆహారం కీలులోని ద్రవం నుంచి ఇలాగే, నొక్కుడు వల్లే అందుతుందని చెప్పండి. "మరి నానమ్మ రోజంతా మంచం మీదే కూర్చుంటే మంచిదా, కొంచెం నడిస్తే మంచిదా?" అని అడగండి. జవాబు పిల్లలనే చెప్పనివ్వండి.

తర్వాత ఏదైనా ఒక ఆరోగ్య ప్రకటన వాళ్ళ ముందు పెట్టి, "ఇందులో కంట్రోల్ గ్రూప్ ఎక్కడుంది?" అని అడగండి. వాళ్ళు రాసిన జవాబును డైరీలో పెట్టి పంపండి, క్లాసులో చదివిస్తాను.

మరో మాట. మీ పిల్లలు ఇంటికొచ్చి "మా మేడమ్ చెప్పారు" అంటే సంతోషమే. కానీ దాని మీద డబ్బో, ఆరోగ్యమో ఆధారపడి ఉంటే, దయచేసి ఒక్క ఫోన్ చేసి "మీరు చెప్పింది ఇదేనా మేడమ్?" అని అడగండి. ఇకమీదట బెల్ కొట్టే ముందు అయిదు నిమిషాల్లో అంత పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పను. "రేపు చెబుతాను" అంటాను.

మీ పిల్లల సైన్స్ టీచర్